చిన్న బృందాలు, పెద్ద ఆటలు

భారీ పెట్టుబడితో వచ్చిన ఒక ఆట రెండు వారాల్లో కనుమరుగైంది. ముగ్గురు మిత్రులు తీర్చిదిద్దిన మరొక ఆట కోసం లక్షలాది జనం ఆరున్నరేళ్ళు ఎదురుచూశారు. వీడియో క్రీడల లోకంలో ఇటీవలి కొన్ని విశేషాలు, ఒక అభిమాని దృష్టిలో.

2025 సెప్టెంబరు 4వ తేదీ. మన దేశంలో రాత్రి ఏడున్నర గంటల సమయం. ఇంటర్నెట్ ద్వారా వీడియో క్రీడలను విక్రయించే అతి పెద్ద అంగళ్ళు - స్టీమ్, నింటెండో, ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ - దాదాపు ఒకే సమయంలో తడబడ్డాయి. కొందరికి అంగడి తెరుచుకోనేలేదు. తెరుచుకున్నవారికి డబ్బు చెల్లించే దగ్గర ఆగిపోయింది. "హాలో నైట్: సిల్క్‌సాంగ్" అనే ఆట ఆ క్షణాన విడుదల కావడమే దీనికంతటికీ కారణం. కొద్ది గంటల్లోనే, ఒక్క స్టీమ్ ద్వారానే, 5 లక్షల మందికి పైగా ఒకే సమయంలో ఆ ఆటలో మునిగిపోయి ఉన్నారు.

ఇంతటి సంచలనానికి కారకులైనవారు ఏ మహా సంస్థకు చెందినవారో అయి ఉంటారని తెలియనివారు అనుకోవచ్చు. వారు ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరానికి చెందిన ముగ్గురు మిత్రులు: ఆరి గిబ్సన్, విలియం పెలెన్, జాక్ వైన్. వారి సంస్థ పేరు టీమ్ చెర్రీ. సంగీతం సమకూర్చిన క్రిస్టఫర్ లార్కిన్‌ను, మరికొందరు సహాయకులను కలుపుకున్నా, ఆ బృందమంతా ఒక భోజనపు బల్ల చుట్టూ కూర్చోగలదు.

వీడియో క్రీడ అనగానే మనలో చాలామంది పెద్దలకు తుపాకి మోతలు, పాడైపోయే చదువులు గుర్తుకు వస్తాయి. ఆ భయంలో కొంత సత్యం లేకపోలేదు. అయితే గత రెండు మూడేళ్ళ పరిణామాలను శ్రద్ధగా గమనించినవారికి మరొక సంగతి కూడా కనిపిస్తుంది. ఈ విద్య కూడా చిత్రలేఖనం వలె, సంగీతం వలె, చేతిపని మీద ఆధారపడిన విద్యే. ఆ చేతికి కావలసినంత వ్యవధిని, స్వేచ్ఛను ఇచ్చినవారికే అది ఫలితమిస్తోంది.

జపమాల పూసల రాజ్యం

టీమ్ చెర్రీ కథ 2014లో మొదలైంది. తమ మొదటి ఆట కోసం ఆ మిత్రులు ఇంటర్నెట్‌లో చందాలు అడిగారు. వచ్చినది సుమారు 57 వేల ఆస్ట్రేలియా డాలర్లు. ఈ రంగంలో అది చిల్లర కిందే లెక్క. ఆ సొమ్ముతో మొదలై 2017లో వెలువడిన "హాలో నైట్" 2025 నాటికి 1.5 కోట్ల ప్రతులకు మించి అమ్ముడుపోయింది. అంత ఆదాయం వచ్చిన తరువాత మరొకరైతే పెద్ద భవంతి కట్టి, వందలాది మందిని కొలువులో పెట్టుకుని ఉండేవారు. వీరు మునుపు ఎంతమంది ఉన్నారో దాదాపు అంతమందే మిగిలారు.

చందాదారులకు వాగ్దానం చేసిన ఒక చిన్న అనుబంధమే క్రమంగా పెరిగి "సిల్క్‌సాంగ్" అయింది. 2019 ఫిబ్రవరిలో ప్రకటన వెలువడింది. ఆ తరువాత ఏళ్ళు గడిచాయి. ఆట ఎప్పుడు వస్తుందన్న ప్రశ్న అభిమానుల మధ్య ఒక హాస్యోక్తిగా మారిపోయింది. ఆలస్యం వెనుక ఏ తగాదా లేదనీ, పని సాగేకొద్దీ కొత్త ఊహలు పుట్టుకొచ్చాయనీ, ఆ పనిని తాము ఆనందంగా చేశామనీ నిర్మాతలు తరువాత వెల్లడించారు.

ఆడి చూస్తే ఆ మాట నిజమని తోస్తుంది. ఇందులో నాయిక హార్నెట్ అనే కీటకం. ఒంటి మీద ఎర్రని వస్త్రం, చేతిలో పొడవైన సూది, వెంట పట్టుదారం. బందీగా ఫార్లూమ్ అనే రాజ్యానికి తేబడిన ఆమె పాతాళం వంటి లోయలో పడి, అక్కడి నుండి శిఖరాన ఉన్న దుర్గం వైపు ఎక్కనారంభిస్తుంది. దారి పొడవునా యాత్రిక కీటకాలు కనిపిస్తాయి. కొన్ని నడుస్తుంటాయి, కొన్ని అలసి కూలబడతాయి, కొన్ని మార్గంలోనే మరణించి ఉంటాయి. ఆ రాజ్యంలో చెలామణి అయ్యే నాణెం జపమాల పూస. విశ్రాంతి కోసం బల్ల మీద కూర్చోవాలన్నా కొన్ని చోట్ల పూసలు చెల్లించవలసిందే. భక్తిని సరుకుగా మార్చి యాత్రికుల అలసటతో వ్యాపారం చేసే వ్యవస్థను ఈ ఆట ఒక్క ఉపన్యాసం లేకుండా ఎత్తిచూపుతుంది. కొండ మెట్లెక్కి దైవదర్శనం చేసుకునే అలవాటున్న మన దేశపు ఆటగాడికి ఆ దృశ్యాలు వింత లోకానికి చెందినవిగా అనిపించవు.

ఆట కఠినమైనది. ఒక్కొక్క ప్రత్యర్థి చేతిలో పది ఇరవై సార్లు ఓడిపోక తప్పదు. ఈ కాఠిన్యం మితిమీరిందన్న విమర్శ విడుదలైన మొదటి వారంలోనే వచ్చింది. నిర్మాతలు ప్రారంభంలోని కొన్ని ఘట్టాలను కొంత సులభం చేశారు కూడా. అయినా ప్రతి ఓటమి తరువాత, తప్పు తన వ్రేళ్ళదే గాని ఆటది కాదని ఆటగాడికి స్పష్టంగా తెలుస్తుంది. ఆ తెలివిడే మళ్ళీ ప్రయత్నించే ఓపికనిస్తుంది.

ఏనుగుల నడక

ఈ ఆట వెల అమెరికాలో 20 డాలర్లు. అదే ఏడాది జూన్ 5న నింటెండో సంస్థ "స్విచ్ 2" అనే కొత్త యంత్రాన్ని విడుదల చేసింది. నాలుగు రోజుల్లో 35 లక్షలకు పైగా యంత్రాలు అమ్ముడుపోయాయి. దానితో పాటు వచ్చిన "మారియో కార్ట్ వరల్డ్" అనే బండ్ల పందెం వెల 80 డాలర్లు. ఆ ఆట సరదాగానే ఉంటుంది. నలుగురు కూర్చుని ఆడితే ఇల్లంతా నవ్వులే. కాని ఒక్క ఆట వెల ఆ స్థాయికి చేరడం పెద్ద సంస్థల ఖర్చు ఎటు పోతున్నదో సూచిస్తుంది.

ఖర్చు పెరిగినకొద్దీ ఒక్క పొరపాటుకు చెల్లించవలసిన మూల్యం కూడా పెరుగుతుంది. సోనీ సంస్థ తరఫున ఏళ్ళ తరబడి తయారైన "కాన్‌కార్డ్" 2024 ఆగస్టు 23న విడుదలైంది. ఆడేవారు లేక సెప్టెంబరు 6వ తేదీకల్లా దానిని ఉపసంహరించారు. కొన్నవారికి డబ్బు తిరిగి ఇచ్చివేశారు. అక్టోబరులో ఆ ఆటను నిర్మించిన ఫైర్‌వాక్ స్టూడియోను మూసివేస్తున్నట్లు ప్రకటించారు. బొమ్మలు గీసినవారు, శబ్దాలు కూర్చినవారు, లెక్కలు కట్టినవారు ఎన్నో ఏళ్ళు పడ్డ శ్రమను చూడడానికి నేడు ఎక్కడా ఆ ఆట లేదు.

విఫలమైనవారికే ఈ గతి పట్టిందనుకుంటే పొరపాటు. టోక్యో నగరంలోని టాంగో గేమ్‌వర్క్స్ 2023 జనవరిలో "హైఫై రష్" అనే ఆటను వెలువరించింది. పాటలోని తాళానికి అనుగుణంగా దెబ్బ వేయవలసిన ఆ చమత్కారమైన ఆటను విమర్శకులు, ఆటగాళ్ళు ఎంతగానో మెచ్చుకున్నారు. అయినా 2024 మే నెలలో యజమాని అయిన మైక్రోసాఫ్ట్ సంస్థ ఆ స్టూడియోను మూసివేస్తున్నట్లు ప్రకటించింది. అదే సంవత్సరం ఆగస్టులో దక్షిణ కొరియాకు చెందిన క్రాఫ్టన్ ముందుకు రావడం వల్ల అది బతికి బయటపడింది. 2024 మొదటి రెండు నెలల్లోనే మైక్రోసాఫ్ట్ తన క్రీడా విభాగంలో 1,900 ఉద్యోగాలను, సోనీ తన ప్లేస్టేషన్ విభాగంలో సుమారు 900 ఉద్యోగాలను తొలగించనున్నట్లు ప్రకటించాయి. మెప్పు వేరు, మనుగడ వేరు అన్న కఠోర సత్యం ఈ రంగంలోని వారందరికీ ఆ ఏడాది బోధపడింది.

పెద్ద సంస్థలలో కూడా వ్యవధి విలువ తెలిసినవారు లేకపోలేదు. 2013లో వెలువడి 20 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయిన "గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5"కు తరువాయి భాగాన్ని రాక్‌స్టార్ సంస్థ 2025లో రెండుసార్లు వాయిదా వేసింది. మే నెలలో ఒకసారి వాయిదా వేసి 2026 మే 26వ తేదీని, నవంబరులో మరొకసారి వేసి 2026 నవంబరు 19వ తేదీని ప్రకటించింది. ఈ సంస్థకు మన బెంగళూరులోనూ స్టూడియో ఉంది. అక్కడి ధ్రువ ఇంటరాక్టివ్‌ను 2019లో అది తనలో కలుపుకుంది. విదేశీ ముద్రతో వచ్చే ఆటల వెనుక మన దేశపు చిత్రకారుల, ఇంజనీర్ల శ్రమ ఎంతో దాగి ఉన్నదని చాలామందికి తెలియదు.

ఏటా తరిగే అంకె

2025లో అందరి నోటా వినిపించిన మరొక పేరు "క్లేర్ ఆబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33". ఒక పెద్ద సంస్థలో ఉద్యోగం చేస్తూ, మనసులోని ఆట అక్కడ రూపొందదని గ్రహించి బయటికి వచ్చిన గియోమ్ బ్రోష్ అనే యువకుడు ఇద్దరు సహచరులతో కలిసి 2020లో ఫ్రాన్స్‌లోని మోంపెల్యే నగరంలో సాండ్‌ఫాల్ ఇంటరాక్టివ్‌ను స్థాపించాడు. స్వరకర్త లోరియన్ టెస్టార్ ఇంటర్నెట్‌లో ఉంచిన పాటలు విని అతనిని పిలిపించాడు. కంఠం అరువివ్వడానికి వచ్చిన జెన్నిఫర్ స్వెడ్‌బర్గ్-యెన్ ఆ ఆటకు ప్రధాన రచయిత్రి అయింది.

కథావస్తువు హృదయాన్ని పిండివేస్తుంది. సముద్రానికి ఆవల ఒక మహా స్తంభం. ఏటా ఒకనాడు ఒక మాయా చిత్రకారిణి లేచి, దాని మీది అంకెను చెరిపి, ఒకటి తగ్గించి వ్రాస్తుంది. ఆ అంకెకు సరిపడే వయసు గలవారంతా పూరేకులై గాలిలో కలిసిపోతారు. ఏ సంవత్సరం ఎవరి వంతు అన్నది ఊరందరికీ ముందుగానే తెలుసు. పోయేవారు పూలు ధరించి రేవుకు వస్తారు. ఉండేవారు వీడ్కోలు చెబుతారు. మరుసటి ఏడాది తమ వంతు రానున్నవారు దండుకట్టి ఆ చిత్రకారిణిని ఎదిరించడానికి బయలుదేరతారు. మరణం ఏనాడు వస్తుందో తెలిసిన మనిషి ఎలా బతకాలి? ఎవరి కోసం బతకాలి? మన పురాణాలలో ఏడు రోజుల ఆయువు మిగిలిన పరీక్షిత్తు ఎదుట నిలిచిన ప్రశ్నే ఒక ఫ్రెంచి ఆటలో మళ్ళీ ఎదురవుతుంది.

విడుదలైన మూడు రోజుల్లో 10 లక్షల ప్రతులు, 33 రోజుల్లో 33 లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. 2025 డిసెంబరు 11న లాస్ ఏంజెలెస్‌లో జరిగిన "ది గేమ్ అవార్డ్స్" ఉత్సవంలో ఆ ఏటి మేటి ఆట బహుమతితో సహా 9 పురస్కారాలు దానికి లభించాయి.

అయితే ముప్పై మంది చేసిన అద్భుతమంటూ దీనిని వర్ణించేవారు ఒక సంగతిని మరచిపోతున్నారు. ప్రధాన బృందం ముప్పై మందికి అటూ ఇటూ అయినా, కదలికలు కూర్చిన కొరియా కళాకారులు, వాద్యగాళ్ళు, గాయకులు, నటీనటులు, తప్పులు పట్టే పరీక్షకులు బయటివారు ఎందరో ఉన్నారు. ఫ్రాన్స్‌లో వీడియో క్రీడలకు ప్రభుత్వ సహాయం అందే ఏర్పాటు కూడా ఉంది. చిన్న బృందమంటే ఒంటరి బృందమని అర్థం కాదు.

మరొక వివాదమూ ఈ ఆటను వెన్నంటింది. తయారీలో కొన్నిచోట్ల తాత్కాలికంగా కృత్రిమ మేధ గీసిన బొమ్మలను వాడినట్లు, విడుదల నాటికి కూడా అవి కొన్ని మిగిలిపోగా తరువాత తొలగించినట్లు వెల్లడైంది. దానితో "ఇండీ గేమ్ అవార్డ్స్" నిర్వాహకులు తాము ఇచ్చిన రెండు బహుమతులను 2025 డిసెంబరులో వెనక్కు తీసుకున్నారు. ఈ శిక్ష అధికమని కొందరన్నారు, న్యాయమని కొందరన్నారు. యంత్రం గీసిన గీతకూ, మనిషి గీసిన గీతకూ తేడా పాటించాలా అన్నది ఈ రంగాన్ని ఇకముందు కూడా వేధించే ప్రశ్న.

పేకముక్కలూ, మన చట్టమూ

బృందం అనే మాటకు కూడా తావులేని ఉదాహరణ "బలాట్రో". కెనడాకు చెందిన ఒక వ్యక్తి లోకల్‌థంక్ అనే మారుపేరుతో, తన అసలు పేరు బయటపెట్టకుండా, 2021 చివరలో సరదాకు మొదలుపెట్టిన ఆట ఇది. 2024 ఫిబ్రవరి 20న వెలువడి, 2025 జనవరి నాటికి 50 లక్షల ప్రతులు దాటింది. పేకాటలోని పోకర్ నియమాలను తీసుకుని, వింత వింత జోకర్లను చేర్చి, లెక్కలను తలక్రిందులు చేసే ఆట. ఒక్క పందెం, ఇంకొక్క పందెం అనుకుంటూనే రాత్రి రెండు గంటలు అయిపోతుంది. అయితే ఇందులో ఎక్కడా రూపాయి ఒడ్డవలసిన పని లేదు.

పేకముక్కలు కనిపించాయన్న కారణంతో, ఐరోపాలో వయోపరిమితులను నిర్ణయించే సంస్థ దీనిని ఒక దశలో 18 ఏళ్ళు నిండినవారికే పరిమితం చేసింది. అప్పీలు మీద 2025 ఫిబ్రవరిలో ఆ పరిమితిని 12 ఏళ్ళకు తగ్గించింది. ఇంతకంటె మెచ్చుకోదగిన విషయం మరొకటి ఉంది. తన ఆట హక్కులు ఏనాడూ జూద సంస్థల చేతికి పోరాదని ఆ అజ్ఞాత నిర్మాత తన వీలునామాలోనే వ్రాయించినట్లు ప్రకటించాడు.

ఈ విచక్షణ మన దేశానికి ఎంతో అవసరం. డబ్బు ఒడ్డి ఆడే ఇంటర్నెట్ ఆటల వల్ల అప్పులపాలైన కుటుంబాల కథలు తెలియని జిల్లా లేదు. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో అటువంటి ఆటల మీద నిషేధాలు వచ్చాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ క్రీడల చట్టం డబ్బు పందేల ఆటలను దేశమంతటా నిషేధిస్తూ, వాటిని నిర్వహించేవారికి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా విధించవచ్చునని పేర్కొంది. అదే చట్టం ఈ-స్పోర్ట్స్ పోటీలను, వినోదం కోసం, విజ్ఞానం కోసం ఆడే ఆటలను వేరుగా గుర్తించి వాటిని ప్రోత్సహించాలని కూడా చెప్పింది. నిషేధపు భాగాన్ని గురించి వార్తలు ఎన్నో వచ్చాయి. ప్రోత్సాహపు భాగాన్ని గురించి చర్చ అంతగా జరగలేదు.

ఇడ్లీ పళ్ళెం చెప్పిన కథ

ప్రోత్సహించదగినది మనవారిలో ఏముందని అడిగేవారికి రెండు పేర్లు చెప్పవచ్చు.

మొదటిది "రాజీ: ఏన్ ఏన్షియంట్ ఎపిక్". పుణేకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ 2020లో దీనిని వెలువరించింది. అసురులు ఎత్తుకుపోయిన తమ్ముడిని వెదుక్కుంటూ బయలుదేరిన బాలిక కథ ఇది. దుర్గ, విష్ణువు మధ్య సంభాషణగా సాగుతుంది. 2017లో ఇంటర్నెట్ చందాల ప్రయత్నం విఫలమైనప్పటికీ ఆ చిన్న బృందం పట్టు విడవలేదు. 2020లో "ది గేమ్ అవార్డ్స్" వారు ఉత్తమ తొలి క్రీడ విభాగంలో పరిశీలించిన వాటిలో ఇది ఒకటి. పోరాట ఘట్టాలలో కొంత తడబాటు ఉన్న మాట నిజమే. కాని మన కోటల బురుజులను, తామర కొలనులను, దేవాలయ కుడ్యాలను విహరించదగిన స్థలాలుగా చూపిన ఘనత దానిది.

రెండవది 2023 జూలై 31న వెలువడిన "వెన్బా". కెనడాలోని టొరంటోలో విసై గేమ్స్ అనే చిన్న బృందం దీనిని నిర్మించింది. 1988లో కెనడాకు వలసవచ్చిన ఒక తమిళ దంపతుల కథ. తల్లి వ్రాసి ఇచ్చిన వంటల పుస్తకం చిరిగి, మరకలు పడి, సగం అక్షరాలు పోయి ఉంటుంది. మిగిలిన మాటలను బట్టి లోపించిన వాటిని ఊహించి వంట పూర్తి చేయడమే ఆట. మొదటి వంట ఇడ్లీ. ఇక్కడ శత్రువు లేడు, గడియారం తొందర లేదు. మాడితే మళ్ళీ మొదలుపెట్టవచ్చు.

వంటలు మారుతుండగా ఏళ్ళు గడుస్తాయి. కొడుకు పెరుగుతాడు. బడిలో తన పేరును, తన తిండిని చూసి తోటివారు ఏమనుకుంటారోనని వెనుకాడతాడు. తల్లి భాష అతనికి కొంచెం కొంచెంగా దూరమవుతుంది. చివరి ఘట్టంలో ఆ కొడుకే పొయ్యి ముందు నిలబడి, అమ్మ దస్తూరిని కూడబలుక్కోవలసి వస్తుంది. ఇది తమిళుల కథే అయినా, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో మనుమలున్న ప్రతి తెలుగు ఇంటికీ సుపరిచితమైన వేదన. మొత్తం ఆట గంటన్నరలో ముగుస్తుంది. 2024లో స్వతంత్ర క్రీడల ఉత్సవపు అత్యున్నత బహుమతి, బ్రిటిష్ అకాడమీ వారి ఉత్తమ తొలి క్రీడ పురస్కారం దీనికి లభించాయి.

ఆడేవారి వంతు

చిన్నదైతే చాలు, మంచిదవుతుందని ఎవరూ అపోహపడరాదు. ఏటా వేలాది చిన్న ఆటలు వెలువడి ఎవరి కంటా పడకుండానే మునిగిపోతున్నాయి. టీమ్ చెర్రీకి లభించిన ఆరున్నరేళ్ళ వ్యవధిని కొనిపెట్టింది మొదటి ఆట అమ్మకాలే. అంత అదృష్టం అందరికీ దొరకదు. పెద్ద సంస్థలలోనూ నిజమైన కళాకారులు వేలమంది ఉన్నారు. తాము తీసుకోని నిర్ణయాలకు తాము ఉద్యోగాలు పోగొట్టుకుంటున్నవారు వారే.

పైన చెప్పిన మంచి ఆటలన్నింటిలో కనిపించే సామాన్య గుణం ఒక్కటే. ఆటను తయారుచేసేవారి చేతిలోనే, అది ఎప్పుడు పూర్తయిందో చెప్పే అధికారం కూడా ఉంది. ఆ అధికారాన్ని మన పిల్లల తరానికి అందించాలంటే ప్రభుత్వాల పాత్ర కొంత ఉంది, పెట్టుబడిదారుల పాత్ర కొంత ఉంది. ఆడేవారి వంతు కూడా లేకపోలేదు. ప్రకటనల హోరుకు లొంగి పది ఆటలు కొని వదిలేసే బదులు, ఒక్క మంచి ఆటను కొని చివరి వరకు ఆడడం, దాని చివర వచ్చే పేర్ల పట్టికను నిలబడి చదవడం చిన్న పనులే. ఇంట్లో పిల్లవాడు ఆడుతున్నప్పుడు గదమాయించే ముందు ఒక అరగంట పక్కన కూర్చుని, ఆ ఆటను ఎవరు చేశారని అడిగి చూడండి. అతనికి తెలియకపోతే ఇద్దరూ కలిసి వెదకవచ్చు. తెలిసి ఉండి, కళ్ళు మెరుస్తుండగా చెప్పడం మొదలుపెట్టాడంటే, ఆ ఇంట్లో రేపటి నిర్మాత ఒకడు తయారవుతున్నాడేమో ఎవరికి తెలుసు!